అయిదు రోజులూ ఓ పావూ

ఆదివారం బడిలో పదిమంది పిల్లలు,
కాలు విరిగిన బల్ల, నేను.
వశిష్ఠ గట్టున లాకు మీద లస్కరుగా
ముప్పై ఆరేళ్లు నీళ్ల లెక్క రాసినవాణ్ణని
అయ్యగారు ఏళ్ల లెక్క కూడా నాకే అప్పగించారు.

తొమ్మిదొందల అరవై తొమ్మిదేళ్లు బతికిన ముసలాయన పాఠం.
"అప్పటి ఏడాది ఇంత పొడుగుండేది కాదేమో మాస్టారూ"
ఎఫ్రాయిము, ఏడో తరగతి, గోళ్లు కొరుకుతూ.
"నెలనే ఏడాది అనేవాళ్లేమో.
అప్పుడాయనకీ మన కెజీయమ్మ వయసే!"

గుమ్మంలో కొబ్బరి ఈనెలు చీరుతున్న కెజీయమ్మ
తలెత్తింది.
"నాకు నూట యాభై దాటాయిరా."
సార్వా ఒక ఏడు, దాళ్వా ఒక ఏడు ఆవిడకి.
రెండుసార్లు వంగి నాటిన నడుముని
ఒక్క ఏడే కట్టుకోమంటే ఎలా?

నేను నవ్వలేదు.
రేవులో మల్లాడి కామన్నకి చంద్రుడే గుమస్తా,
పోటుకీ పాటుకీ అతని ఏడాది పదకొండు రోజులు పొట్టి,
మూడేళ్లకోసారి అధికమాసం వచ్చి
ఆ బాకీ తీర్చిపోవాలి.
నా ఏడాదైతే
కాలవకి నీళ్లొదిలిన రోజున పుట్టి
కట్టేసిన రోజున పోయేది.
ఎండిన అడుగున జమ్ము నరికిన రోజులు, పూడిక మోసిన రోజులు
ఎవరి వయసులోనూ పడేవి కావు.

ఇంతలో తబిత వేళ్లు మడిచి లెక్కేసి
సిగ్గుపడి, అయినా చెప్పేసింది:
"నెలలే ఏళ్లయితే
అరవై అయిదేళ్లకి కొడుకుని కన్న తాత
అయిదేళ్ల పిల్లాడండీ!"
పాలపళ్లు ఊడకుండానే నాన్న.
బడంతా ఒకటే నవ్వు, కెజీయమ్మ మరీను.

ఎఫ్రాయిము ఓడిపోలేదు.
జలప్రళయం పేజీ తీశాడు.
రెండో నెల పదిహేడున మొదలు,
ఏడో నెల పదిహేడున ఓడ కొండకి ఆనింది,
నడుమ నూట యాభై రోజులు.
"నెలకి ముప్పై. ఏడాదికి మూడొందల అరవై.
మరి మిగతా అయిదు రోజులూ పావూ
ఎటు పోయాయి?"

వరద దగ్గర నాకు మాట ఆగింది.

ఎనభై ఆరు, ఆగస్టు.
గట్టు తెగిన రాత్రి
రిజిస్టరు చొక్కాలో దోపుకుని చర్చి డాబా ఎక్కాను.
నలభైమందిమి, మూడు మేకలు, ఎవరో మోసుకొచ్చిన హార్మోనియం.
మట్టం రాద్దామంటే గేజీ రాయే మునిగిపోయింది.
వానలో పొద్దెటు పొడిచిందో, ఎటు కుంకిందో,
కొట్టుకొచ్చిన కొబ్బరికాయ పగిలినప్పుడే భోజనం వేళ.
మూడోనాడో, నాలుగోనాడో
కెజీయమ్మ తన చీర చెంగు చించి
ఒక పసిదాని బొడ్డు కట్టింది.
ఆరోనాడు కాస్త పొద్దెక్కాక పడవొచ్చింది.

తరవాత ఓవర్సీరు కాగితాలు తిప్పి
"ఈ ఖాళీలేంటయ్యా,
అటూ ఇటూ చూసి అంచనాగా నింపెయ్" అన్నాడు.
చీవాట్లు తిన్నాను గానీ నింపలేదు.

ఆ పసిదాని పేరు షారోను.
ఆధార్ కార్డులో జనవరి ఒకటి.
ఎఫ్రాయిము వాళ్లమ్మ.

చెప్పేశాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు.
"అయితే మా అమ్మ ఏ ఏడాదిలోనూ పుట్టలేదా?"

కెజీయమ్మ ఈనె కొస కొరికి ఉమ్మేసి,
"ఎందుకు పుట్టలేదూ? ఈ చేతులతో పట్టుకున్నాగా" అంది.

అప్పటి ఏడాది ఎంత పొడుగో నాకు తెలీదురా, అన్నాను.
రాసినాయన రిజిస్టరు చూడాలి,
ఆయన ఏ డాబా మీద తడిశాడో అడగాలి.

గంట కొట్టారు. పిల్లలు గట్టెక్కి పరిగెత్తారు.
బల్ల మీద మర్చిపోయిన ఎఫ్రాయిము నోటుబుక్కులో
మూడొందల అరవై అని ఉంది,
పక్కన అయిదు ఖాళీ గళ్లు,
ఆరో గడి మూలన మాత్రం
కొంచెం పెన్సిలు రుద్ది ఉంది.